మిగిలిపోయిన రింగు

బల్ల మీద రింగు ఉంది. ఉండకూడదు. లేదా ఉండొచ్చు. చిటికెనవేలి గోరు కన్నా చిన్నది, తెల్లటి ప్లాస్టిక్‌ది, గరుకు కాగితం రాల్చిన పొడిలో సగం కూరుకుపోయి ఉంది. జిగురు పూసి, రెండు సగాలూ కలిపి, ఆరు క్లిప్పులు బిగించి, గడియారం చూసి పది తక్కువ మూడు అని చీటీ మీద రాసుకుని, అమ్మయ్య అనుకుంటూ బల్ల తుడవబోతే గుడ్డకి తగిలింది. రింగు లోపల పెట్టానా? పెట్టాను. పెట్టే ఉంటాను. మరి ఇదేమిటి? రెండోది. రెండు చేశానా? చేసే ఉంటాను, నేను ఏదైనా రెండు చేస్తాను, పదిహేనేళ్లు బట్టలు కుట్టినదాన్ని, ఎవరూ అడక్కపోయినా ప్రతి చొక్కాకీ లోపలి అంచున ఒక గుండీ అదనంగా కుట్టి ఇచ్చేదాన్ని. ఆ లెక్కన ఇది ఆ అదనపు గుండీ. కానీ చేసినట్టు గుర్తు లేదు. చేయనట్టూ గుర్తు లేదు. పొద్దున్న గొట్టం ముక్క లోంచి రింగు కోయడం గుర్తుంది, రంపం చప్పుడు గుర్తుంది, కోసినది బల్ల మీద పడి దొర్లడం గుర్తుంది, కానీ ఆ దొర్లినది ఒకటా, ఒకటి తర్వాత ఇంకొకటా? ఒకే రింగు రెండుసార్లు దొర్లి ఉండొచ్చు కదా. నా బుర్ర నాకే తాళం వేసుకుని కూర్చుంది.

నా ముందున్నది కంట్లో మందు వేసుకునే సాధనం. పేరింకా పెట్టలేదు, మాస్టారు అడిగితే అత్తగారిది అంటాను, క్లాసంతా నవ్వుతుంది. కంటి చుట్టూ ఆనే చిన్న గిన్నె, దాని పైన తలకిందులుగా దిగే మందు సీసా, పక్కన బొటనవేలితో నొక్కే మీట. మీట నొక్కితే సీసా పొట్ట నొక్కుకుని చుక్క పడుతుంది. మీట పూర్తిగా దిగితే మూడు నాలుగు పడతాయి, అందుకని దాని దారిలో ఒక రింగు అడ్డం పెట్టాలి, అది సగంలో ఆపేస్తుంది, ఒక్క చుక్కే పడుతుంది. చెప్పుకోవడానికి ఇంత పొట్టి సంగతి, చేయడానికి ఏడు నెలలు. నాలుగింటికి మా అత్తగారు వచ్చి, మాస్టారి ముందు, క్లాసు ముందు, ఎవరి సాయమూ లేకుండా, వణికే చేత్తో దీన్ని పట్టుకుని తన కంట్లో తన మందు తను వేసుకోవాలి. నాలుగు ఎలాగూ ఆవిడ మందు వేళ. రింగు లోపల ఉంటే ఒక చుక్క. లేకపోతే కళ్లు మండి, మందు చెంపల మీదుగా కారి, నలభైమంది పరాయివాళ్ల ముందు ఆవిడ మొహం తుడుచుకుంటూ నిలబడాలి. నా సర్టిఫికెట్ సంగతి సరే, అది మళ్లీ వచ్చే ఏడూ వస్తుంది. ఆవిడ మాత్రం మళ్లీ రారు. ఒకసారి నవ్వులపాలైన చోటికి రెండోసారి అడుగుపెట్టే మనిషి కాదు.

రెండు ట్యూబుల జిగురు ఇది. కలిపాక ఇరవై నిమిషాలు మెత్తగా ఉంటుంది, అప్పటిదాకా చాకు దూర్చి విప్పొచ్చు. ఆ తర్వాత చాకు దిగదు, గంటకల్లా రాయి. మూడూ పది దాకా టైముంది, ఇప్పుడు రెండూ యాభై ఆరు. విప్పితే నాలుగు రోజులు రుద్ది రుద్ది వేసిన రంగు అంచు వెంబడి లేచిపోతుంది, అతుకు కనపడకూడదని అంచులకి ఆరు సార్లు పుట్టీ పెట్టి అరగదీసినదంతా మట్టిలో కలిసినట్టే. విప్పకుండా తెలుసుకునే దారి లేదా? ఊపి చూశాను, ఏదో కదిలింది, స్ప్రింగు కావచ్చు. సీసా దిగే కన్నంలోంచి సెల్‌ఫోను లైటు వేశాను, మీట వెనకాల చీకటి. త్రాసు మీద పెడదామంటే అది గ్రాముల్లో చూపిస్తుంది, ఈ రింగు బరువు దానికి లెక్కలోకే రాదు. ఇనుముదైతే అయస్కాంతం చెప్పేది. మీట నొక్కి చూద్దామా అంటే జిగురు పచ్చిగా ఉండగా నొక్కితే సగాలు పక్కకి జరుగుతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పక్క బల్ల అమ్మాయి, ఏ రంగు వేసినా హెయిర్‌డ్రయ్యర్ పట్టి ఆరబెడుతుంది కాబట్టి క్లాసంతా డ్రయ్యరమ్మ అని పిలిచే అమ్మాయి, నా మొహం చూసి, "అక్కా, తొందరగా ఆరాలా? డ్రయ్యరివ్వనా?" అంది. వద్దు తల్లీ, ఆరకూడదని దణ్ణం పెట్టుకుంటున్నాను అన్నాను. అది నవ్వింది. నేను జోకేశాననుకుంది.

బట్టలో ఈ బాధ లేదు. తప్పు కుడితే విప్పుతాం, దారం లాగేస్తాం, చిల్లుల గుర్తులు రెండు ఉతుకులకి పోతాయి. వస్తువుల మోడళ్లు చేయడం నేర్పే ఈ క్లాసులో చేరిన మొదటి నెల నేను దేనికైనా చుట్టూ అర అంగుళం ఎక్కువ వదిలేదాన్ని, కుట్టులోపలికి పోతుంది కదా అని. స్పాంజిలాంటి గట్టి ఫోమ్‌లో దువ్వెన చేయమంటే చేశాను, మాస్టారు స్కేలు పెట్టి కొలిచి, ఇది దువ్వెనా, పారా అన్నారు. లోపలికి మడవడానికి వదిలానండీ అన్నాను. ఎక్కడికి మడుస్తారమ్మా అన్నారు. నిజమే, ఎక్కడికి? ఆ రోజు ఇంటికెళ్తూ దారి పొడుగునా దేన్ని చూసినా అంచులే కనపడ్డాయి, బస్సు కిటికీ అంచు, చెప్పు అంచు, టిఫిన్ డబ్బా మూత అంచు, ఏదీ ఎక్కడికీ మడవలేదు, ఎవరో ఒకాయన వీటన్నిటినీ ఎక్కడ ఆపాలో అక్కడే ఆపాడు. అది నన్ను కొన్నాళ్లు నిద్ర పోనివ్వలేదు. మాస్టారికి అరమిల్లీ మాస్టారు అని పేరు, అరమిల్లీమీటరు తేడా వచ్చినా తిరిగి చేయిస్తారు, కోపంగా కాదు, జలుబు చేసిందా అని అడిగినంత మామూలుగా అడుగుతారు. మోడళ్లు రెండు రకాలమ్మా, చూసేది ఒకటి, చేసేది ఒకటి అన్నారు. చూసేది అచ్చం కొట్లో కొన్న వస్తువులా ఉంటుంది, లోపలేమీ ఉండదు. చేసేది పని చేస్తుంది, రబ్బరు బ్యాండ్లు, టేపులు, అట్టముక్కలు, చూస్తే అసహ్యం. రెండూ విడివిడిగా చేయడం నేర్చుకుంటే, చివరి నెలలో రెండింటినీ ఒకటి చేయాలి. నాకు చూసేది చేయడం ఇష్టం. నున్నగా వచ్చేది, మాస్టారు కూడా మెచ్చుకునేవారు, మెచ్చుకుని రంపం తీసి నిలువుగా రెండు ముక్కలు కోసేవారు, అది ఆయన పద్ధతి, లోపల గోడ ఎక్కడ పల్చగా ఉందో ఎక్కడ మందంగా ఉందో చేసినవాళ్ల కళ్లకే చూపించడానికి. మొదటిసారి నాది కోసినప్పుడు కొత్త పట్టుబట్ట మధ్యలో కత్తెర పెట్టినట్టు అనిపించింది. లోపల అంతా బుడగలే. పైన పటారం, లోన లొటారం అన్నాను నేనే, ఆయన అనేలోపు.

రెండూ యాభై తొమ్మిది. రింగు కోశాక ఏం చేశాను? చేత్తో పట్టుకున్నాను. అప్పుడు ఫోను మోగింది. అదే, అక్కడే తెగింది దారం. అత్తగారు. "ఎన్నింటికి రమ్మన్నావు?" నాలుగింటికి అత్తయ్యా. "మూడున్నరకే వచ్చేస్తాను. ఆలస్యంగా వచ్చినవాళ్లు వరస చివర నిలబడాలి." వరసలేవీ ఉండవండీ, కుర్చీ వేస్తారు అన్నాను. "ఎవరి కోసం కుర్చీ? నేను నిలబడే వేసుకుంటాను." మాట్లాడుతున్నంతసేపూ రింగు ఏ చేతిలో ఉంది? ఫోను కుడిచేతిలో. రింగు ఎడమ అరచేతిలో, మూసి ఉంచాను, చెమటకి తడిసింది. తర్వాత తెరిచాను, అరచేతిలో గుండ్రటి అచ్చు పడి ఉంది. ఆ అచ్చు గుర్తుంది, రింగు గుర్తు లేదు. అచ్చు ఉందంటే రింగు అంతసేపూ చేతిలోనే ఉంది, ఆ తర్వాత లోపల పెట్టాలి కదా. పెట్టడం చేతికి తెలిసి ఉంటుంది, బుర్రకి తెలియలేదు. కుట్టుమిషను మీద కూర్చున్నప్పుడు అంతే, ఎప్పుడో ఒకప్పుడు తల తిప్పి చూస్తే చెయ్యి కుట్టేసి ఉండేది. ఆ చేతిని ఇప్పుడు నమ్మాలా? ఎడమ అరచేయి చూసుకున్నాను. అచ్చు ఎప్పుడో చెరిగిపోయింది.

చేతుల గురించి ఆవిడ దగ్గర మాట్లాడకూడదు. మా అత్తగారు ముప్ఫై ఏళ్లు బడిలో డ్రిల్లు టీచరు. చేతులు చాచు అంటే మూడొందల మంది చాచేవారట, ఒక్క వేలు కిందికి వంగినా ఈల ఊదేవారట. ఇప్పుడు ఆవిడ చెయ్యి చాస్తే కాఫీ కప్పు సాసర్లో గంట కొట్టినట్టు మోగుతుంది. కళ్లలో ఒత్తిడి పెరిగిందని డాక్టరు ఇచ్చిన చుక్కలు పొద్దున్న ఎనిమిదింటికొకటి, సాయంత్రం నాలుగింటికొకటి, జీవితాంతం. మొదటి వారం తనే వేసుకుంటానని మొండికేశారు, చుక్కలు నుదుటి మీదా ముక్కు మీదా జాకెట్టు మీదా పడ్డాయి, కంట్లో తప్ప. అప్పటినుంచి నేను. ఎడమచేత్తో గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, కుడిచేత్తో చుక్క. "ఏమ్మా, మందేస్తున్నావా, గడ్డం పట్టుకుని బతిమాలుతున్నావా?" అనేవారు మొదట్లో. తర్వాత అదీ మానేశారు. గోడ గడియారం వైపు చూస్తూ, పళ్లు బిగించి, దవడ గట్టిగా పెట్టి నిలబడతారు, నా వేళ్లకి ఆ బిగువు తెలుస్తుంది. ఆ బిగువు వదలాలనే నేను ఈ క్లాసులో చేరాను. బయట అందరికీ కుట్టు విసుగొచ్చి చేరానని చెప్పుకున్నాను, ఆవిడకీ అదే చెప్పాను, ఆవిడ నమ్మినట్టు తల ఊపారు. ఇంట్లో మిగతా వేళల్లో మా ఇద్దరికీ పెద్ద మాటలేం ఉండవు, ఆవిడ పేపరు ఆవిడది, నా వంటిల్లు నాది, ఎదురుపడితే ఒకరికొకరం పక్కకి జరుగుతాం. గడ్డం పట్టుకున్నప్పుడే ఆవిడ మొహం దగ్గరగా చూస్తాను. నల్లగుడ్డు చుట్టూ సన్నటి బూడిదరంగు గీత ఉందని, ఎడమ కనుబొమ్మలో చిన్న మచ్చ ఉందని అప్పుడే తెలిసింది, ఎప్పుడో బంతి తగిలిందట. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొస్తోంది? రింగు గురించి కదా ఆలోచిస్తున్నాను.

మూడూ మూడు. రింగు అక్కర్లేదేమో అసలు. అవును, పదిరోజుల కిందట చేసే మోడల్ని ఇంటికి పట్టుకెళ్లి ఆవిడ చేత వాడించాను కదా, రబ్బరు బ్యాండ్లతో కట్టిన ఆ అసహ్యాన్ని, అందులో రింగు లేదు, అప్పటికి రింగు ఆలోచనే రాలేదు. ఎన్ని పడ్డాయి అత్తయ్యా అని అడిగితే, "ఒకటే" అన్నారు. ఒకటే. ఎగిరి గంతేసినంత పని చేశాను. మాస్టారికి చెబితే ఆయన గడ్డం గోక్కుని, వణికే చెయ్యి మీటని సగంలో ఎలా ఆపిందమ్మా, నాకు అర్థం కావట్లేదు, ఎందుకైనా మంచిది ఒక అడ్డం పెట్టండి అన్నారు. ఆయన మాట కాదనలేక పెట్టాను, లేదా పెట్టలేదు, అదే కదా ఇప్పటి గొడవ. రింగు లేకపోయినా ఒకటే పడినప్పుడు ఇక భయమెందుకు? హాయిగా కూర్చో. కూర్చున్నాను. డ్రయ్యరమ్మ డ్రయ్యరు వేడిగాలి నా చెంపకి తగిలింది, చెంప. ఆవిడ చెంప. ఆ రోజు వేసుకుని, ఒకటే అని, చేతిరుమాలు తీసి తుడుచుకున్నారు. ఎక్కడ? కంటికింద కాదు. చెంప తుడిచారు, చెంప దాటి గడ్డం తుడిచారు, గడ్డం కింద మెడ తుడిచారు. ఒక్క చుక్క మెడ దాకా ఎలా పోతుంది? నేను ఎదురుగా నిలబడి ఉన్నాను, చూస్తూనే ఉన్నాను, రుమాలు మెడ దాకా వెళ్లడం చూశాను, చూసి కూడా ఒకటే అన్న మాటే విన్నాను. ఎర్రబడిన కన్ను కూడా చూశాను. మందు ఘాటేమో అనుకున్నాను.

ఆవిడ అబద్ధం చెప్పారు. ముప్ఫై ఏళ్లు పిల్లల మొహాలు చూసే ఎవడు ఎగ్గొట్టాడో చెప్పిన మనిషి, నేను అంత ఆశగా నిలబడి ఉంటే నా మొహం చూసి అబద్ధమాడారు. మండుతున్న కంటితో. కోపం వచ్చింది నాకు, ఆవిడ మీదో నా మీదో తేల్చుకోలేకపోయాను. ఆవిడ బిగువు వదిలిద్దామని నేను క్లాసుకొచ్చి కుట్టు విసుగొచ్చిందని చెబితే, నా బిగువు వదిలిద్దామని ఆవిడ ఒకటే అని చెప్పారు, ఇద్దరం ఒకరికొకరం దొంగలెక్కే చెప్పుకున్నాం. ఈ రోజు కూడా అదే చెబుతారు. రింగు లేకపోతే, నాలుగు పడితే, నలభైమంది ముందు మెడ తుడుచుకుంటూ ఒకటే అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. దాన్ని ఇంటికి తీసుకెళ్తాం. రేపు పొద్దున్న ఎనిమిదింటికి నాలుగు, సాయంత్రం నాలుగింటికి నాలుగు, జీవితాంతం, ఒకటే, ఒకటే అంటూ. మూడూ ఎనిమిది అయింది.

క్లిప్పులు తీసేశాను. నేను తీశానని క్లిప్పులు బల్ల మీద పడ్డాక తెలిసింది. నా సంచిలో కుట్లు విప్పే చిన్న కొక్కెం ఎప్పుడూ ఉంటుంది, చాకు వెతికే టైము లేదు, అదే అతుకులోకి దూర్చాను. జిగురు తేనెపాకంలా సాగింది. రంగు పెళుసుగా లేచింది, ముందు గోరంత, తర్వాత వేలంత, నాలుగు రోజుల నునుపు పొట్టు రాలినట్టు రాలింది. "అక్కా, ఏం చేస్తున్నావు?" అని డ్రయ్యరమ్మ డ్రయ్యరు ఆపేసింది. సగాలు విడిపోయాయి. రింగు లోపలే ఉంది. ఎక్కడ ఉండాలో అక్కడ, మీట కింద, బుద్ధిగా కూర్చుని ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. నవ్వొచ్చింది. ఈ రెండో రింగు ఎప్పుడు చేశానో మాత్రం ఇప్పటికీ తెలియదు.

మళ్లీ అతికించడానికి జిగురు లేదు, ఉన్నా ఆరే టైము లేదు. సగం గట్టిపడ్డ జిగురంతా గీకేసి, రెండు సగాలూ కలిపి పట్టుకుని, సంచిలోంచి జీన్సు కుట్టే మందపు దారం తీసి చుట్టాను. ముప్ఫై చుట్లు, వరసగా, ఒకదాని పక్కన ఒకటి, చివర కాజాకి వేసే ముడి. చూసేది పోయింది, చేసేది మిగిలింది. మూడున్నరకి తలుపు దగ్గర చెప్పుల చప్పుడు, వంకర లేని నడక, అత్తగారు. వచ్చి కుర్చీ పక్కనే నిలబడ్డారు. బల్ల మీద చూశారు. "నిన్న నువ్వు చూపించిన ఫోటోలో నున్నగా ఉంది కదా?"

"విప్పాను అత్తయ్యా. లోపల ఒకటి ఉందో లేదో అని."

"ఉందా?"

"ఉంది. ఆ రోజు ఎన్ని పడ్డాయి? నిజం చెప్పండి" అన్నాను.

ఆవిడ గోడ మీద గడియారం కోసం వెతికారు. ఈ గదిలో గడియారం ఆవిడ వెనకాల ఉంది. "నాలుగు" అన్నారు. "అయిదేమో. నేను కళ్లు మూసుకున్నాను."

నాలుగింటికి మాస్టారు వచ్చి దారం మీద వేలు పెట్టి, ఇదేమిటమ్మా అన్నారు. కుట్టు సార్ అన్నాను. లోపల అడ్డం ఉందా? ఉంది సార్, కళ్లారా చూశాను. ఆయన పక్కకి జరిగారు. అత్తగారు సాధనం అందుకున్నారు, చెయ్యి వణికింది, దాంతోపాటు గిన్నే వణికింది, కానీ గిన్నె కంటి చుట్టూ ఆనగానే రెండూ కలిసి ఒకటిగా వణికాయి, అది నేను అనుకున్నదే, కాగితం మీద గీసుకున్నదే, అయినా చూస్తే నమ్మబుద్ధి కాలేదు. తల తనే వెనక్కి వంచారు. మీట సగం దిగి టక్కున ఆగింది, ఆ టక్కు నాకు వినపడింది. దించారు. నేను అడగలేదు. "ఒకటి" అన్నారు ఆవిడే. నేను ఆ మాట వినలేదు, చెంప చూశాను, గడ్డం చూశాను, మెడ చూశాను. అంతా పొడిగా ఉంది. దవడ వదులుగా ఉంది. వెనకెవరో చప్పట్లు మొదలుపెట్టారు. అప్పుడు చూసుకున్నాను, నా ఎడమచెయ్యి ఎప్పుడు లేచిందో లేచి, వేళ్లు గిన్నెలా వంపు తిరిగి, ఆవిడ గడ్డానికి జానెడు దూరంలో ఆగి ఉంది. ఆవిడ ఆ చేతి వైపు చూశారు, నా వైపు చూశారు. నేను చెయ్యి దించాను. రేపు పొద్దున్న ఎనిమిదింటికి దానికి ఏ పని చెప్పాలో నాకు తోచలేదు.